పెరటి ట్యాంకూ లెక్కలోకి రావాలి

వాతావరణ మార్పు చర్చకు వచ్చిన ప్రతిసారీ వరిమడి నుండి వెలువడే మీథేన్ ప్రస్తావన తప్పదు. అదే రైతు పెరటిలోని సెప్టిక్ ట్యాంకు మాత్రం ఎవరి దృష్టికీ రాదు. రెండుచోట్లా జరిగేది ఒకే ప్రక్రియ: ప్రాణవాయువు అందని నీటిలో సేంద్రియ పదార్థం కుళ్ళి మీథేన్ ఏర్పడటం.

వాతావరణ మార్పులపై అంతర్ప్రభుత్వ సంఘం 2006 మార్గదర్శకాలు భారతదేశంలో తలసరి వ్యర్థాల బి.ఓ.డి.ని రోజుకు 34 గ్రాములుగా తీసుకున్నాయి. కిలో బి.ఓ.డి. నుండి గరిష్ఠంగా 0.6 కిలోల మీథేన్ వెలువడగలదు. సెప్టిక్ ట్యాంకులో అందులో సగం వెలువడుతుందని అంచనా. ఈ లెక్కన నలుగురున్న ఇంటి ట్యాంకు ఏటా దాదాపు 15 కిలోల మీథేన్‌ను వదులుతుంది. నూరేళ్ళ తాపప్రభావంలో ఇది సుమారు 400 కిలోల కార్బన్ డై ఆక్సైడ్‌కు సమానం.

భూగర్భజలం లోతుగా ఉన్న పొడి ప్రాంతాలలో చిన్న కుటుంబపు గుంత మరుగుదొడ్డికి అవే మార్గదర్శకాలు సగానికి బదులు పదోవంతునే సూచించాయి. గుంతలోకి నీరు చేరే చోట ఆ విలువ 0.7కు పెరుగుతుంది. కనుక ఒకే నమూనా అంతటా తగదు. రాయలసీమ, తెలంగాణ మెట్టప్రాంతాలలో జంట గుంతల పద్ధతికి ప్రాధాన్యమివ్వాలి. నిండిన గుంతను మూసి రెండేళ్ళు వదిలితే ఎరువు కూడా దక్కుతుంది. జలమట్టం పైకుండే డెల్టా గ్రామాలలో ట్యాంకు తప్పనప్పుడు, రెండు మూడేళ్ళకొకసారి మడ్డిని తీయించి శుద్ధి కేంద్రానికి చేర్చాలి; పంటకాలువలో వదలరాదు.

వరిలో నీటి యాజమాన్యాన్ని బోధించే విస్తరణ సిబ్బంది ఈ విషయాన్నీ బోధించాలి. ఉద్గారాల భారాన్ని పొలం మీదనే మోపడం న్యాయం కాదు.