గర్భిణి మూత్రపిండములకు వేఱు కొలత వలయును

స్త్రీ గర్భము దాల్చిన తొలి వారములలోనే, ఆ సంగతి ఇంటివారికి ఇంకను తెలియకమునుపే, ఆమె మూత్రపిండములు పూర్వపు నడకను విడిచి నూతన కార్యభారమును వహించుచున్నవి. 1926లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ హిసా గినీపందుల కటిసంధులు సడలుటను పరిశీలించి గుర్తించిన రిలాక్సిన్ అను హార్మోను, రక్తనాళములయందు నైట్రిక్ ఆక్సైడు ద్వారమున బిగువును తగ్గించుటలో ముఖ్యపాత్ర వహించునని జంతుపరిశోధనలు చూపినవి. ఇట్లు నాళములు విప్పారుటచే మూత్రపిండములకు చేరు రక్తము విశేషముగా అధికమై, వడపోత వేగము సుమారు 50 శాతము హెచ్చును. అంతట రక్తపీడనము మితిమీరి కుంగకుండ ఆల్డోస్టిరోను ఉప్పును, నీటిని దేహమున నిలిపి రక్తరసమును పెంచును. ఇంతటి పొందిక మఱి యే అవయవమునందును నేనెఱుగను.

వడపోత హెచ్చినపుడు రక్తములోని క్రియాటినిన్ అను వ్యర్థపదార్థము తగ్గవలెను గదా! గర్భిణులలో అది సాధారణముగా డెసిలీటరుకు 0.4 నుండి 0.8 మిల్లీగ్రాముల నడుమ నుండును. కాని పరీక్షాపత్రముపై అచ్చువేయబడిన హద్దు తఱచుగా గర్భము లేనివారిదే యగుటచే, 1.0 అని వచ్చిన అంకెను చూచి ‘నార్మలే’ యని నిశ్చింతగా ఇంటికి మరలు గర్భిణి, వాస్తవమునకు వైద్యుడు మఱల పరీక్షింపవలసిన గర్భిణి. ఇది క్షమింపరాని అలక్ష్యమని నా దృఢాభిప్రాయము. గర్భిణుల హద్దును వేఱుగ ముద్రించుట యే పరీక్షాశాలకును భారము కానేరదు.

ప్రొజెస్టిరోను మూత్రనాళములను సడలించుటయు, పెరుగు గర్భాశయము వానిని, విశేషించి కుడివైపు నాళమును, నొక్కుటయు తోడై మూత్రము నిలిచి, మంట లేకున్నను సూక్ష్మజీవులు పైకెక్కవచ్చును. కాళ్లకు నీరుపట్టుట గర్భిణులకు మామూలే యని పెద్దలందురు; పెక్కుమాఱులు నిజమే, అయినను 20 వారములు దాటిన పిదప రక్తపీడనము 140/90కి చేరి, మూత్రమున ప్రోటీను కనబడినచో, అది గుర్రపువాతమునకు దారితీయగల వ్యాధి.

కారణము తేలని మూత్రపిండవ్యాధితో దీర్ఘకాలముగా బాధపడుచున్న శ్రీకాకుళపు ఉద్దానమున ఈ జాగ్రత్త మఱింత అవసరము. అచ్చటి ప్రతి గర్భిణికిని తొలి నెలలలోనే క్రియాటినిన్ కొలిచి తల్లీబిడ్డల కార్డుపై వ్రాయవలయును. ఆ మొదటి అంకె లేనిచో, ఏడవ నెలలో కనబడిన 0.9 మొదటినుండియు ఉన్నదో, 0.5 నుండి పెరిగినదో వైద్యునికి తెలియు మార్గము లేదు.