ముఖానికి ఎర్ర దీపం సరే... మంగు మాటేమిటి?

బీసెంట్ రోడ్డులో పెళ్లి చీరలు చూస్తూనే ఫోన్లో ఎల్ఈడీ మాస్కుల ధరలు వెతికే రోజులివి. అమెరికా నుంచి వచ్చే కూతురో, కోడలో ఒకటి తెచ్చిపెట్టడమూ మామూలైంది. మీ ఇంటికీ వచ్చిందా? ముఖానికి తగిలించే ముందు అదేం చేస్తుందో చూడండి.

ఈ మాస్కు పనిచేసేది వేడితో కాదు, వెలుగుతో. సుమారు 630 నానోమీటర్ల ఎర్రకాంతి, 830 దగ్గర ఉండే పరారుణ కాంతి చర్మం పైపొర దాటి లోపలికి వెళ్తాయి. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా వాటిని గ్రహిస్తే, చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ తయారీ పుంజుకుంటుందని అంచనా. 1960ల్లో హంగరీ వైద్యుడు ఎండ్రే మెస్టర్, వెంట్రుకలు తీసేసిన చిట్టెలుకలపై లేజర్ వేస్తే అక్కడ జుట్టు త్వరగా రావడం గమనించాడు. ఈ చికిత్సకు పునాది అదే.

అయితే ఇంట్లో వాడే పరికరాల్లో శక్తిని కావాలనే తగ్గిస్తారు. వాడేవారికి శిక్షణ ఉండదు కదా! కాబట్టి నెలల తరబడి క్రమం తప్పకుండా వాడితే సన్నగీతలు కొంత తగ్గొచ్చు. అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. సన్నని కరెంటుతో కండరాలను కదిలించే మైక్రోకరెంట్ పరికరాల బిగువైతే వాడకం ఆపగానే పోతుంది. రేడియో ఫ్రీక్వెన్సీ పరికరాలు మాత్రం చర్మాన్ని లోపలి నుంచి వేడెక్కిస్తాయి.

మనం జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. చామనఛాయ చర్మంలో ముడతలు ఆలస్యంగా వస్తాయి, మచ్చలు తొందరగా వస్తాయి. బెజవాడ ఎండలో బండి మీద తిరిగే ఆడవాళ్లను ఎక్కువగా బాధించేది మంగు. దానికి ఎండే కాదు, వేడీ పడదు. మొటిమల కోసం కొన్ని మాస్కుల్లో పెట్టే నీలికాంతి కూడా మన రంగు చర్మంలో నలుపును పెంచగలదు. వేలు పోసి కొన్న పరికరమే మంగును ముదరబెడితే ఆ బాధ ఎవరితో చెప్పుకోవాలి?

తెల్లబడతామని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ క్రీము ఏళ్లుగా రాస్తున్నవారి సంగతి మరీ సున్నితం. ఆ చర్మం అప్పటికే పలచబడి ఉంటుంది. దానిపై వేడి పరికరం, సూదుల రోలర్ జోలికి అసలు పోవద్దు. ఒకే రోలర్‌ను అక్కాచెల్లెళ్లు పంచుకోవడమూ వద్దు. సూది గుచ్చుకున్నచోట రక్తం అంటుతుంది, దాంతో ఇన్ఫెక్షన్లూ అంటుకోవచ్చు.

కళ్ల విషయం చాలామందికి తట్టదు. 2019లో న్యూట్రోజీనా తన మొటిమల కాంతి మాస్కును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. రెటీనా జబ్బులున్నవారికి, కాంతిని తట్టుకోలేకుండా చేసే మందులు వాడేవారికి కంటి హాని కలగవచ్చన్నదే కారణం. మొటిమలకు తరచూ రాసే డాక్సీసైక్లిన్ కూడా చర్మం కాంతిని తట్టుకోలేకుండా చేసే మందే.

ముందు సన్‌స్క్రీన్ రాయండి. మంగు ఉంటే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగున్న రకం అడగండి. అది కంటికి కనిపించే కాంతినీ కొంత అడ్డుకుంటుంది. రెండు, మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి, మన చెమటకు అది నిలవదు. ఆ తర్వాతా మాస్కు మీద మనసుంటే, పెట్టెతో సహా చర్మవైద్యులకు చూపించండి. వాడుతున్న మందుల చీటీ కూడా పట్టుకెళ్లండి.