ఊయల నుంచి విమానం దాకా: దత్తత ప్రయాణంలో బిడ్డ పక్షాన ఎవరున్నారు?

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు అప్పుడప్పుడు ఒక మాట వినిపిస్తుంది. "విదేశాల నుంచి ఒక కుటుంబం బిడ్డను దత్తత తీసుకోవడానికి వస్తోంది. వారి ఇద్దరు చిన్నపిల్లలతో ప్రయాణం చేస్తున్నారు. ప్రయాణ క్షేమం కోసం, కాగితాల పని త్వరగా ముగియడం కోసం ప్రార్థించండి." సంఘమంతా ఆమేన్ అంటుంది. మనవి మంచిదే. అయితే ఆ ప్రార్థనలో ఒకరి పేరు తరచుగా వినిపించదు. శిశుగృహలో ఆయమ్మ చెయ్యి తప్ప మరో చెయ్యి ఎరుగని బిడ్డ కూడా అదే వారంలో తన జీవితంలోకెల్లా పెద్ద ప్రయాణం చేయబోతోంది. ఈ వారం ఆ బిడ్డ వైపు నుంచి ఈ విషయాన్ని చూద్దామని మా ఉద్దేశం.

ఇప్పుడే ఎందుకంటే, దేశాంతర దత్తతపై ప్రపంచం తన ఆలోచన మార్చుకుంటోంది. 2024 జనవరిలో డెన్మార్క్‌లో ఈ పని చేస్తున్న ఏకైక సంస్థ తన కార్యకలాపాలు నిలిపివేస్తున్నట్టు చెప్పింది. అదే ఏడాది నెదర్లాండ్స్ ప్రభుత్వం దేశాంతర దత్తతను క్రమంగా ముగిస్తామని ప్రకటించింది. దశాబ్దాలపాటు వేలాది పిల్లలను విదేశాలకు పంపిన చైనా, బంధువుల దత్తత వంటి కొన్ని సందర్భాలు మినహా, 2024లోనే తలుపు మూసేసింది. 2025 మార్చిలో దక్షిణ కొరియా సత్యశోధన కమిషన్ తమ దేశం పిల్లలను విదేశాలకు పంపిన తీరులో వారి మానవ హక్కులకు భంగం కలిగిందని తేల్చింది. తల్లిదండ్రులున్న పిల్లలను అనాథలుగా రాశారు, ఒకరి కాగితాలతో మరొకరిని పంపారు. జూన్‌లో స్వీడన్ ప్రభుత్వ కమిషన్ కూడా దేశాంతర దత్తతలు ఆపేయాలని సిఫారసు చేసింది.

కొరియా కథ మనకు దగ్గరిది. యుద్ధం తర్వాత అనాథలను ఆదుకోవాలని అమెరికా క్రైస్తవ కుటుంబాలు ఎంతో ప్రేమతో ముందుకు వచ్చాయి. వారి ప్రేమను ఎవరూ శంకించడం లేదు. కానీ ప్రేమ ఉన్నచోట లెక్క అక్కరలేదని అందరూ అనుకోవడంతో, మధ్యలో ఉన్నవారు కాగితాలు మార్చారు. ఆ పిల్లలు పెద్దవారై, తెల్లజుట్టుతో తిరిగి వచ్చి, "మా అమ్మ ఎవరు?" అని అడుగుతున్నారు.

మన ఇంటి గాయం

మన దగ్గర జరగలేదా అంటే, జరిగింది. 1999లోనూ, మళ్లీ 2001లోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఈ సమస్య కుదిపేసింది. నల్గొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి డబ్బు ఇచ్చి తీసుకొచ్చి, హైదరాబాద్‌లోని కొన్ని సంస్థల ద్వారా విదేశీ దత్తతకు పంపుతున్నారన్న ఆరోపణలపై పోలీసులు దాడులు చేశారు. పసిపిల్లలను ప్రభుత్వ శిశువిహార్‌కు తరలించారు. పేదరికం వల్లనో, ఆడపిల్ల అనో బిడ్డను వదులుకోవడాన్ని ఒప్పుకోబోమని 2001లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఇటు తండాల్లో తల్లులు, అటు ఫొటో చూసి బిడ్డకు పేరు కూడా పెట్టుకున్న విదేశీ కుటుంబాలు, మధ్యలో ఏ ఇంటికీ చేరని పసికందులు. నష్టం అందరిదీ. ఆ సంస్థల్లో కొన్ని క్రైస్తవ పేర్లతో నడిచినవేనని ఒప్పుకోవడానికి మనం సిగ్గుపడాలి గాని, దాచకూడదు.

చట్టం ఎక్కడి నుంచి వచ్చింది

దత్తత చట్టంలో క్రైస్తవులది చాలాకాలం విచిత్రమైన స్థితి. 1956 నాటి హిందూ దత్తత చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు మాత్రమే వర్తిస్తుంది. మనవాళ్లు 1890 నాటి సంరక్షకుల చట్టం కింద బిడ్డకు సంరక్షకులు కాగలిగేవారు గాని, చట్టం దృష్టిలో అమ్మానాన్నలు కాలేకపోయేవారు. విదేశీయులదీ అదే దారి. కోర్టు అనుమతితో బిడ్డను తీసుకువెళ్లి తమ దేశంలో దత్తత చేసుకునేవారు. ఆ ఖాళీలోనే దళారులు చొరబడ్డారు. లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది రాసిన లేఖనే పిటిషన్‌గా తీసుకుని, 1984లో జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం విదేశీ దత్తతలకు నియమాలు విధించింది. 1990లో కేంద్ర దత్తత వనరుల సంస్థ 'కారా' ఏర్పడింది. 2003లో భారతదేశం హేగ్ ఒప్పందాన్ని ఆమోదించింది. 2000లో వచ్చిన జువెనైల్ జస్టిస్ చట్టం, దాని సవరణలు ఏ మతం వారైనా దత్తత తీసుకోవడానికి వీలు కల్పించాయి. 2014లో సుప్రీంకోర్టు ఆ సంగతిని స్పష్టం చేసింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2015 చట్టం. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టర్.

హేగ్ ఒప్పందపు సారం తేలికగా అర్థమవుతుంది. బిడ్డకు మొదట సొంత ఇల్లు, అది కుదరకపోతే సొంత దేశంలో మరో ఇల్లు, అదీ దొరకనప్పుడే పరదేశం. లెక్కలూ అదే చెబుతున్నాయి. 2024-25లో దేశంలో 4,515 దత్తతలు జరిగితే అందులో 4,155 దేశంలోపలివే. విదేశాలకు వెళ్లింది మిగిలిన 360 మంది మాత్రమే. పైగా 2022 నియమాల ప్రకారం, ఇప్పటికే ఇద్దరు లేదా అంతకుమించి పిల్లలున్న దంపతులకు సాధారణంగా ప్రత్యేక అవసరాలున్న పిల్లలను, ఇల్లు దొరకడం కష్టమైన పిల్లలను మాత్రమే ఇస్తారు. అంటే, ఇద్దరు చిన్నపిల్లల చేతులు పట్టుకుని విమానం దిగే ఆ కుటుంబం గుండె జబ్బు ఉన్న బిడ్డ కోసమో, వినికిడి లేని బిడ్డ కోసమో, మనవాళ్లు చూసి వెనక్కి తిరిగిన బిడ్డ కోసమో వస్తోంది. వారిని అనుమానంగా చూడకముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఆ రెండు మూడు వారాలు

ఆ ప్రయాణం ఎలా సాగుతుందో చూడండి. కారా నిరభ్యంతర పత్రం, కలెక్టర్ ఉత్తర్వు, బిడ్డ పేరున పాస్‌పోర్టు, హేగ్ ఒప్పందం ప్రకారం ధ్రువపత్రం, ఆపై వెళ్లబోయే దేశపు వీసా. అమెరికా కుటుంబమైతే ఢిల్లీలోని రాయబార కార్యాలయం దాకా వెళ్లాలి. నెల్లూరు నుంచి చెన్నైకో, రేణిగుంటకో కారు, అక్కడి నుంచి ఢిల్లీ, వైద్య పరీక్ష, వీసా ఇంటర్వ్యూ, చివరికి ఒక పగలూ రాత్రీ పట్టే విమానం. పెద్దవారికే ఒళ్లు నొప్పులు. రాత్రీ పగలూ తలకిందులైన ఐదేళ్ల అన్నయ్యకు తెల్లవారుజామున మూడింటికి ఆకలేస్తుంది. కొత్త చెల్లెలికి రాత్రంతా ఏడుపు. ఆమెకు తెలిసింది తెలుగు పలుకులు, రాగిజావ, మెత్తగా కలిపిన పప్పన్నం, ఆయమ్మ ఒంటి వాసన. అన్నీ ఒక్కరోజులో పోతాయి.

పెద్దపిల్లలను వెంట తీసుకురావచ్చా, ఇంటి దగ్గర అమ్మమ్మ వద్ద వదిలి రావచ్చా అని విదేశాల్లోని మన తెలుగు విశ్వాసులు కూడా అడుగుతుంటారు. ప్రవాస భారతీయులను చట్టం ఇక్కడి దంపతులతో సమానంగానే చూస్తుంది కనుక ఈ ప్రశ్న మన కుటుంబాలదీ. తీసుకురావడంలో మేలుంది. చెల్లెలు ఎక్కడ పుట్టిందో అన్న కళ్లారా చూస్తాడు. రేపు ఆ బిడ్డ "నా ఊరు ఎలా ఉండేది?" అని అడిగినప్పుడు చెప్పగల సాక్షి ఇంట్లోనే ఉంటాడు. కష్టమూ ఉంది. అమ్మ ఒడి ఒక్కసారిగా పంచుకోవలసి వస్తే పెద్దవాడు అలుగుతాడు, జ్వరం పడితే ఎవరిని ఎత్తుకోవాలో తెలియదు. మా అభిప్రాయం ఇది. పెద్దపిల్లలను తెచ్చుకునేవారు వారి కోసమే మరొక పెద్దమనిషిని, నానమ్మనో, పిన్నినో, వెంట తెచ్చుకోవాలి. మొదటి కలయిక అమ్మానాన్నలతోనే నెమ్మదిగా జరగాలి. అన్నయ్య అక్కయ్యలు మరునాడు రావచ్చు. ఆయమ్మ బిడ్డ చెయ్యిని తన చేత్తో అందించి, వెళ్లొస్తానని చెప్పి వీడ్కోలు పలికే వ్యవధి ఉండాలి. బిడ్డ కప్పుకున్న పాత దుప్పటి ఉతకకుండా వెంట ఇవ్వాలి. తిండి, నిద్ర వేళలు ఒక కాగితం మీద రాసివ్వాలి. కాచి చల్లార్చిన నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టీకాల కార్డు చేతిసంచిలోనే ఉండాలి.

నిర్గమకాండము రెండవ అధ్యాయంలో మోషే కథ మనకు కంఠతా వచ్చు. జమ్ముపెట్టె, నది, రాజకుమార్తె అందరికీ గుర్తే. గట్టున దూరంగా నిలబడి తమ్ముడికి ఏమవుతుందోనని చూసిన అక్కను మాత్రం త్వరగా మరచిపోతాం. ఆ చిన్నపిల్ల చొరవ చేసి మాట్లాడకపోతే, కన్నతల్లి పాలు ఆ బిడ్డకు దక్కేవి కావు. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి బిడ్డ దాటేటప్పుడు పాత ప్రేమకూ కొత్త ప్రేమకూ నడుమ ఒక వంతెన ఉండాలని ఆ కథ చెబుతోంది.

సంఘం ఏం చేయాలి

అనుమసముద్రంపేట, ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట ప్రాంతంలో సంఘాలున్న మనకు ఇదంతా దూరపు సంగతిగా తోచవచ్చు. అలా కాదు. వాన మీద ఆధారపడ్డ పొలాలు, కువైట్‌కు వెళ్లిన తల్లులు, అవ్వల దగ్గర పెరుగుతున్న పిల్లలు మన చుట్టూ ఉన్నారు. ఏ.ఎస్.పేట దర్గాకు దూరప్రాంతాల నుంచి కుటుంబాలు కష్టాలు మోసుకుని వస్తుంటాయి. కష్టంలో ఉన్న తల్లి ఎవరి తలుపు తట్టినా, ఆ తలుపు వెనక ఉన్నవారికి సరైన దారి తెలిసి ఉండాలి. చాలాసార్లు ఆ తలుపు పాస్టరుగారిదే.

అందుకే సంఘ కాపరులకు, పెద్దలకు కొన్ని మాటలు సూటిగా చెబుతున్నాం. పిల్లలు లేని దంపతులకు, బిడ్డను పెంచలేని తల్లికి మధ్య మీరు మధ్యవర్తులు కావద్దు. వంద రూపాయల స్టాంపు కాగితం దత్తత పత్రం కాదు. నియమాలు తప్పి బిడ్డను ఇచ్చినా, పుచ్చుకున్నా మూడేళ్ల దాకా జైలు. డబ్బు చేతులు మారితే అది అమ్మకం, ఐదేళ్ల దాకా కఠిన శిక్ష. ఆసుపత్రి సిబ్బంది చేస్తే ఏడేళ్ల దాకా. బిడ్డను పెంచలేనని తల్లి చెబితే ముందు ఆమె ఎందుకు పెంచలేకపోతోందో వినండి. అప్పు, రేషన్ కార్డు, భర్త తాగుడు, వీటిలో సంఘం తీర్చగలిగింది ఉండవచ్చు. తీర్చలేకపోతే ఆమెను ఒంటరిగా పంపకుండా మన స్త్రీల సమాజం సహోదరి ఒకరు తోడుగా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకువెళ్లాలి. అక్కడ సంతకం చేసిన తర్వాత కూడా మనసు మార్చుకోవడానికి చట్టం ఆమెకు రెండు నెలలు ఇస్తుంది. ఆ సంగతి ఆమెకు చెప్పడం మన బాధ్యత. ఎక్కడైనా బిడ్డ దొరికితే 1098కి ఫోన్ చేయండి. అంగన్‌వాడీ టీచరుకైనా, సచివాలయంలోని మహిళా పోలీసుకైనా చెప్పండి.

పిల్లల ఆశ్రమాలు నడిపేవారికి మరో మాట. రిజిస్ట్రేషన్ లేకుండా ఆశ్రమం నడపడం సేవ అనిపించుకోదు, నేరం అనిపించుకుంటుంది. విదేశీ అతిథి వచ్చి "ఈ బిడ్డను మాతో తీసుకువెళ్తాం" అంటే, ఎంత దాతయినా, కారా దారి చూపించండి. బిడ్డను ఏరుకోవడానికి ఆశ్రమం దుకాణం కాదు.

ఇక ప్రేమతో చేసే పొరపాటు ఒకటుంది. దత్తత కుటుంబం సంఘానికి వస్తే వారిని వేదిక మీదికి పిలవడం, శాలువాలు కప్పడం, బిడ్డను చేతులు మార్చి సెల్ఫీలు తీసుకోవడం, అదంతా యూట్యూబ్ లైవ్‌లో పెట్టడం. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో బయటపెట్టడాన్ని చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తోంది. చట్టం సంగతి అలా ఉంచినా, కొత్త అమ్మ ఒడికి ఇంకా అలవాటుపడని బిడ్డను యాభై మంది చేతుల్లో తిప్పడం కరుణ కాదు. వారికి ఒక పూట ఇంటి భోజనం పంపండి. పెద్దపిల్లవాడిని కాసేపు ఆడించండి. అమ్మానాన్నలు రెండు గంటలు కునుకు తీసేలా చూడండి. ఆతిథ్యమంటే అదే.

విమానం ఎక్కిన తర్వాతా బాధ్యత ముగియదు. రెండేళ్లపాటు బిడ్డ క్షేమంపై నివేదికలు రావాలి: మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆరు నెలలకొకటి. బిడ్డకు ఆ దేశపు పౌరసత్వ పత్రం చేతికి వచ్చిందో లేదో కుటుంబం తప్పక చూసుకోవాలి. ఆ కాగితం లేక, పెద్దయ్యాక అమెరికా నుంచి వెళ్లగొట్టబడిన కొరియా దత్తపుత్రులున్నారు. విదేశాల్లోని మన తెలుగు సంఘాలు ఈ కుటుంబాలకు ఒక పూట తెలుగు వినిపించే చోటుగా ఉండగలిగితే ఎంతో మేలు.

దత్తత అన్న మాటను మనం ప్రసంగాల్లో చాలా తేలికగా వాడతాం. దేవుడు మనలను దత్తపుత్రులుగా స్వీకరించాడని అపొస్తలుడైన పౌలు రాసిన మాటకు ఆమేన్ అంటాం. ఆ మాట నిజమని నమ్మేవారు, ఇక్కడి బిడ్డ విషయంలో అడ్డదారి తొక్కలేరు. ఈ ఆదివారం ప్రార్థన మనవి మళ్లీ చదివినప్పుడు ప్రయాణికుల క్షేమంతోపాటు శిశుగృహలోని ఆ బిడ్డను, ఆమెను ఎత్తి పెంచిన ఆయమ్మను, ఎక్కడో ఉన్న కన్నతల్లిని కూడా జ్ఞాపకం చేసుకుందాం.