కాగితపు ఫిడేళ్ళు

దక్షిణ అమెరికా ఖండానికి ఉత్తరపుటంచున వెనెజులా అనే దేశమున్నది. అక్కడి సంగీత పాఠశాలలలో పసిపిల్లలు చేరిన రోజుననే వారి చేతికి ఫిడేలు ఇవ్వరు. అట్టముక్కలు, పాతకాగితాలు, జిగురు ఇచ్చి, ఎవరి ఫిడేలు వారినే చేసుకోమంటారు. తల్లిదండ్రులు కూడ వచ్చి పక్కన కూర్చుండి సాయపడతారు. రంగులు వేసిన ఆ మూగవాద్యాన్ని గడ్డముక్రింద ఆనించుకొని, కమాను పట్టుకొని, నోటితో పాడుతూ, పిల్లలు కొంతకాలం వాయించకుండానే వాయించటం నేర్చుకుంటారు. కూర్చునే తీరు, లేచే తీరు, వాద్యాన్ని పదిలంగా చూచుకొనే తీరు వారికి అప్పుడే పట్టుబడతాయి. దీనిని 'కాగితపు వాద్యబృందం' అంటారు. ఉపాధ్యాయుల తలపులో పుట్టిన ఉపాయాలలో ఇంత అందమైనది నేనెరిగినంతలో మరొకటి లేదు. అది పుట్టిన దేశానికి పట్టిన గతి తలచుకున్నప్పుడు ఆ అందమే గుండెకు బరువవుతున్నది.

వెనెజులా మూడువందల యేండ్లు స్పెయిన్ ఏలుబడిలో మ్రగ్గిన వలసదేశం. 1811లో స్వాతంత్ర్యం ప్రకటించుకొన్నది. దక్షిణ అమెరికా విమోచకుడని పేరొందిన సీమోన్ బొలీవార్ పుట్టినది ఆ దేశపు రాజధాని కారకాస్‌లోనే. ఇరవయ్యవ శతాబ్దిలో అక్కడ భూమిలోనుండి నూనె ఉబికి, సిరి పొంగినది. 1960లో చమురు ఎగుమతి దేశాల కూటమి ఏర్పడినప్పుడు దానికి మూలపురుషులలో వెనెజులా ఒకటి. ఆ సిరి నిండుగా ఉన్న 1975లో, ఆర్థికశాస్త్రమూ సంగీతమూ రెండూ చదివిన హోసే ఆంతోనియో అబ్రేయు అనే ఆయన, పిల్లలకు వాద్యబృందం నేర్పుదామని కారకాస్‌లో ఒక కార్ల షెడ్డులో యాభై స్వరపత్రపీఠాలు వేసుకొని కూర్చున్నారు. వచ్చినది పదకొండు మంది! ఆ పదకొండు మందితోనే ఆరంభించిన పని 'ఎల్ సిస్తేమా' అనే పేర దేశమంతటా వ్యాపించి, లక్షలాది పిల్లలను చేర్చుకొన్నది. బడి విడిచిన తరువాత రోజూ కొన్ని గంటలు ఉచితంగా చదువు, ఉచితంగా వాద్యం. వినికిడి లేని పిల్లలు తెల్లని చేతితొడుగులు వేసుకొని, హస్తముద్రలతోనే పాట పాడే బృందం కూడ అందులో ఒకటి. 2007లో ఆ యువబృందం లండన్‌లో గుస్తావో దుదమేల్ నాయకత్వాన వాయించినప్పుడు, ఐరోపా తన సంగీతాన్నే తాను కొత్తగా విన్నంత సంబరపడినది.

పరాయి పాలకులు వదలిపోయిన సంగీతాన్ని పిల్లలకు నేర్పటమేమిటని అడిగినవారు లేకపోలేదు. వలస పోయినా వాసన పోలేదన్న ఆ అధిక్షేపణలో కొంత నిజం ఉన్నది. అయితే మనకు ఈ విషయంలో ఒక అనుభవం కలదు. ఫిడేలు మనది కాదు. ఇంగ్లీషువారి దొరతనంతోపాటు వచ్చినది. బాలుస్వామి దీక్షితులు దానిని కర్ణాటక సంగీతానికి వంచారు. ఆయన అన్న ముత్తుస్వామి దీక్షితులు తెల్లవారి బాండు మెట్లకు సంస్కృతంలో సాహిత్యం కూర్చారు. అవే నొట్టుస్వరాలు, నేటికీ చిన్నపిల్లలకు సులువుగా పట్టుబడే పాఠాలు. ఇక విజయనగరంలో ద్వారం వేంకటస్వామినాయుడుగారి కమాను క్రింద ఆ పరాయి కొయ్య తెలుగువాడి సొత్తే అయిపోయినది. వెనెజులా పిల్లలు కూడ బేతోవెన్‌తోపాటు తమ మైదానపు పాటలు వాయిస్తారు. ఎవరు తెచ్చారన్న దానికంటె ఎవరి చేతిలో పలికినదన్నదే నాకు ముఖ్యం.

ఆ దేశం కూలిన వైనం ఒక్కమాటలో చెప్పరానిది. బ్రతుకంతా ఒక్క నూనెమీదనే నిలిపినారు. 2014లో ధర పడిపోయేనాటికి బొక్కసం చేసిన వాగ్దానాలు కొండంత. దుష్పరిపాలన, అవినీతి, నోరెత్తినవారిపై నిర్బంధం, ఆపైన 2017 నుండి అమెరికా విధించిన ఆర్థిక ఆంక్షలు కలసి నడుము విరిచాయి. వారి నాణెం పేరు బొలీవార్. దానిపై సున్నలు మోయలేక 2008లో మూడు, 2018లో అయిదు, 2021లో ఆరు కొట్టివేశారు. పదునాలుగు సున్నలు! తరగతిలో నల్లబల్లపై వ్రాసి చూపితే పిల్లలకు లెక్కా తెలుస్తుంది, దుఃఖమూ తెలుస్తుంది. డెబ్బయి లక్షలకు పైగా జనం ఊళ్ళు విడిచి పొరుగుదేశాలు పట్టారు. బడిపంతులు నెలజీతం కొద్దిరోజుల గ్రాసానికి చాలని స్థితి ఏర్పడినది.

ఇటువంటి పతనాన్ని చూచి, దొరలుండగానే నయమని గొణిగే పెద్దమనుషులు ప్రతి వలసదేశంలోను ఉన్నారు. మన అరుగుల మీద కూడ ఉండేవారు. వెనెజులాలో దొరల నాటి కోకో తోటలను పండించినది ఆఫ్రికానుండి పట్టి తెచ్చిన బానిసలు. అక్కడ బానిసత్వం రద్దయినది 1854లో, స్వతంత్రదేశం చేతనే. ఒక దేశం చెడిపోయినదని ఏడవటానికి మనకు హక్కున్నది. ఆ కన్నీటిని సంకెలకు పూజాజలం చేయటానికి లేదు.

నా బాధ మరొక చోట ఉన్నది. 2017 మే నెలలో కారకాస్ వీధిలో ప్రభుత్వ వ్యతిరేక ప్రదర్శన జరుగుతుండగా ఒక కుర్రవాడు చనిపోయాడు. ఇరువదేండ్లు నిండలేదు, ఎల్ సిస్తేమాలో వయోలా నేర్చినవాడు. అంతవరకు రాజకీయాలు మాట్లాడని దుదమేల్ ఆ మరునాడే పాలకులను బహిరంగంగా నిలదీశారు. అదే యేట ఆయన నడపవలసిన యువబృందపు అమెరికా పర్యటనను ప్రభుత్వం రద్దు చేసినది. తిరిగి 2021 నవంబరులో, దేశం అంత కటకటలో ఉండగా, 8,573 మంది వాద్యకారులను సైనిక విద్యాలయపు ఆవరణలో కూర్చుండబెట్టి, చైకోవ్‌స్కీ రచన వాయింపించి, ప్రపంచరికార్డు సంపాదించారు. వాయించిన బిడ్డలను నేను తప్పుపట్టను. వారి ఆనందం వారిది. కాని ఆ పిల్లలు వాయించినది ఎవరి కొరకు?

అబ్రేయుగారు మహానుభావులు. 2018లో కన్నుమూశారు. ఒక్క మాట మాత్రం అనక తప్పదు. బొక్కసం నుండి డబ్బు రావటానికి ఆయన సంగీతం చేత పెద్ద పూచీకత్తు వ్రాయించారు: ఇది పేదరికాన్ని బాపుతుంది, సమాజాన్ని ఉద్ధరిస్తుంది అని. తరువాత పరిశోధకులు లెక్కలు తీస్తే, చేరిన పిల్లలలో నిరుపేదలు తలచినంతమంది లేరని తేలినది. పిల్లల నడవడిలో కలిగిన మార్పు కూడ ఆశించినదానికంటె స్వల్పమే. తీర్చలేని బాకీకి సంగీతాన్ని జామీను పెడితే, బాకీదారు అయిన ప్రభుత్వం చెప్పినచోటికల్లా పిల్లలు వెళ్ళి వాయించవలసివచ్చినది.

మన బడులలో జరిగేది దీనికి చిన్నరూపమే. సంగీతపు గంట పేరుకు ఎక్కడ ఉన్నా, అది వార్షికోత్సవానికి ముందు రెండువారాలు మేలుకొని, ముఖ్యఅతిథి మెడలో దండ వాడకముందే నిద్రపోతుంది. గొంతు బాగున్న నలుగురిని ఏరి, మిగిలిన నలుబదిమందిని బెంచీలు మోయటానికి పంపుతాము. ఆ నలుబదిమంది చెవులు ఏ పాపం చేసినవి? వారానికొకసారి, పరీక్షా బహుమతీ లేకుండ, ఒక్క కీర్తనను మొదటినుండి చివరకు వినిపించి, వారు ఏమీ అడగకపోతే తామూ ఏమీ చెప్పకుండ ఊరుకొనే ఉపాధ్యాయుడు కావాలి. మొదటి వారం కిటికీలోనుండి కాకులను లెక్కపెడతారు. పెట్టనివ్వండి. నాలుగవ వారానికి ఎవడో ఒకడు చరణం దగ్గర తల తిప్పుతాడు. ఆ తల తిప్పటాన్ని ఏ తనిఖీ అధికారికి చూపగలము? చూపనవసరం లేదనే నా మనవి.

వెనెజులానుండి కొలంబియాకు నడచిపోయే జనం దాటే వంతెన ఒకటి ఉన్నది. దాని పేరు కూడ సీమోన్ బొలీవారే. చేతిసంచీలతో, చంకబిడ్డలతో లక్షలాది జనం దాని మీదుగా సాగిపోయారు. ఎల్ సిస్తేమాలో చదివినవారు ఎందరో దేశం విడిచి బొగోతాలో, లీమాలో, శాంతియాగోలో, బ్వేనోస్ ఐరెస్‌లో తేలారు. కొందరు వీధులలో, రైలు నేలమాళిగలలో ఫిడేలు వాయించి రొట్టె సంపాదించుకొన్నారు. కొందరు అక్కడి పిల్లలను పోగుచేసి పాఠాలు మొదలుపెట్టారు.