ఉప్పెనకి తేడా తెలియదట!

నవంబర్ 19 వస్తే చాలు, దివిసీమ ఉప్పెన గురించి ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు. "ప్రకృతికి పేదా గొప్పా లేదు, ఆడా మగా లేదు. ఆ రోజు అందరూ సమానమే." వినేవాళ్లు తలలూపుతారు. ఆ సమానత్వం ఎలా ఉంటుందో నేను చూశాను. 1977లో నాకు ఎనిమిదేళ్లు.

ఆ శనివారం పొద్దుట్నుంచీ గాలి. మధ్యాహ్నానికి పిన్ని, "పిల్లల్ని తీసుకుని కరకట్ట మీదకి పోదాం" అంది. "మగవాళ్లు రాకుండా గడప దాటతామా?" అంది నాయనమ్మ. మగవాళ్లు గొడ్లను విప్పడానికి పోయారు. వాళ్లూ సముద్రమూ ఒకేసారి ఇంటికి వచ్చారు.

నాన్న నన్ను వీపున కట్టుకుని తాడిచెట్టెక్కాడు. అమ్మ కొట్టుకుపోతున్న ఇంటి కప్పు పట్టుకుని బతికింది. పిన్ని చంకలో ఏడాది బిడ్డ, ఒంటిమీద ఆరు గజాల తడిసిన చీర. రెండు రోజుల తర్వాత తుమ్మకంపలో దొరికింది. జుట్టు ముళ్లకి చుట్టుకుపోయి ఉంది. బిడ్డ దొరకనే లేదు.

నాన్నకి చెట్టెక్కడం ఎవరు నేర్పారు? బాబాయికి ఈత ఎవరు నేర్పారు? ఊరి కాలవా, ఊరి తాళ్లూ నేర్పాయి. అదే కాలవలో పిన్ని బట్టలుతికింది, బిందె ముంచింది. మోకాలు దాటి దిగితే మాత్రం "ఆడపిల్లకి ఈతలేంటి?" అన్నారు. చెట్టెక్కితే వీపు మీద దెబ్బ పడింది. పిన్ని చావు ఆ శనివారం మొదలవలేదు. ఆమె పరికిణీ కట్టిన నాడే మొదలైంది.

నీళ్లు తీశాక కూడా ఆ సమానత్వం మమ్మల్ని వదల్లేదు. నష్టపరిహారం జాబితాలో పిన్నికి పేరు లేదు. "ఫలానావారి భార్య" అని రాశారు. డబ్బు బాబాయి చేతికి వచ్చింది. కూతురి మీదే ఆధారపడిన ఆమె తల్లి సంగతి ఎవరూ అడగలేదు. ఏడాది తిరక్కుండానే "ఇంట్లో దీపం పెట్టే మనిషి కావాలి కదా" అని బాబాయికి మళ్లీ పెళ్లి చేశారు. అదే ఉప్పెనలో మొగుడు పోయిన పక్కింటావిడ ఇంట్లో దీపం ఎవరు పెడతారని ఎవరికీ దిగులు కలగలేదు. శుభకార్యానికి ఎదురు రావద్దని మాత్రం చెప్పారు.

ఇది ఒక్క ఇంటి కథే అనేవాళ్లుంటారు. 1991లో బంగ్లాదేశ్ తుపానులో 20 నుంచి 44 ఏళ్ల మధ్యవాళ్లలో వెయ్యికి 71 మంది స్త్రీలు చనిపోతే, పురుషులు 15 మంది. 2004 సునామీలో తమిళనాడులోని కడలూరు జిల్లాలో మగవాళ్లకి దాదాపు మూడింతల మంది ఆడవాళ్లు పోయారు. ఎవరో ఒకరు ఆడవాళ్లనీ మగవాళ్లనీ విడివిడిగా లెక్కపెట్టారు కాబట్టి ఈ అంకెలు మనకి తెలిశాయి. దివిసీమ పేరు చెబితే "దాదాపు 10,000 మంది" అని ఒకే ఒక్క సంఖ్య చెబుతారు. అసలు అంతకన్నా ఎంతో ఎక్కువ మంది పోయారనే వాదనా ఉంది. ఆ వాదనలో కూడా అందరూ "మంది"గానే మిగిలిపోయారు.

ఇప్పుడు తుపాను షెల్టర్లున్నాయి, ముందస్తు హెచ్చరికలున్నాయి, చావులు బాగా తగ్గాయి. ఆ మార్పు చిన్నదేమీ కాదు. కానీ హెచ్చరిక వచ్చే సెల్‌ఫోను ఇంట్లో ఎవరి జేబులో ఉంది? షెల్టర్‌కి పోదామనే మాట చెల్లేది ఎవరిది? అక్కడ బాలింతకి చాటుందా, బహిష్టయిన పిల్లకి నీళ్లున్నాయా? సిమెంటు గోడలు నీటిని ఆపుతాయి. "మగవాళ్లు రానీ" అనే మాటని ఆపలేవు.

తుపాను ఎక్కడ తీరం దాటుతుందో వాతావరణ శాఖ చెబుతుంది. ఆడవాళ్లు గడప ఎప్పుడు దాటాలో ఇంకా ఇంటి పెద్దే చెబుతున్నాడు. తీర గ్రామాల్లో ప్రతి ఆడపిల్లకీ బడిలోనే ఈత నేర్పండి. హెచ్చరిక నేరుగా ఆడవాళ్లకి చేరేలా చూడండి. పరిహారం పత్రాల్లో చనిపోయిన స్త్రీని ఆమె సొంత పేరుతో రాయండి, ఆమె తల్లినీ వారసుల్లో లెక్కించండి. ఇవేవీ చెయ్యకుండా ప్రకృతికి భేదం లేదనడం నేరాన్ని నీళ్ల మీదకి నెట్టడమే. ప్రకృతికి భేదం లేకపోవచ్చు. అది వచ్చేసరికే మనల్ని విడదీసి, ఒకరిని చెట్టు మీదా ఒకరిని ముళ్లకంపలోనూ పెట్టింది మనుషులు.