నడివయసులో మళ్లీ పలక

మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దుకున్నవారు దేశమంతటా ఉన్నారు. కానీ ఆ రాతిని గనిలో నుంచి పైకి తీసినవారిలో, చీల్చి, నునుపు చేసి పలకగా మలచినవారిలో ఎందరికో బడిలో పలక పట్టే అవకాశం దక్కలేదు. అలాంటి ఇళ్ల పిల్లలు, మనవలు ఈనాడు పెద్దదోర్నాల, యర్రగొండపాలెం, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో ఉపాధ్యాయులుగా, నర్సులుగా, సచివాలయ ఉద్యోగులుగా పనిచేస్తున్నారు. వారిలో కొందరు నలభై ఏళ్లు దాటాక మళ్లీ పుస్తకం తెరుస్తున్నారు. ఒకరు పదోన్నతి కోసం ఎం.ఏ.కు కడతారు. మరొకరు పెళ్లితో ఆగిపోయిన చదువును పిల్లలు పెద్దయ్యాక అందుకుంటారు.

వీరిని చూసి సంఘంలో మనం ఏమంటున్నాం? ‘ఈ వయసులో చదువేమిటి? ఉన్న ఉద్యోగం చాలదా?’ అంటున్నాం. ‘ఆదివారం మందిరానికి రాకుండా క్లాసులకు పోతోందట’ అని గుసగుసలాడుతున్నాం. ఉద్యోగులకు చదువు అందాలని 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. మన దేశంలో అదే మొదటిది. తర్వాత దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఉద్యోగికి తీరిక దొరికేది ఆదివారమే గనుక దాని తరగతులు ఎక్కువగా ఆదివారాలే జరిగేవి. ఆ తీరిక దినమే మనకు ఆరాధన దినం. అందుకే చదువుకునే విశ్వాసి మనసులో ఒక నేరభావం గూడుకట్టుకుంటుంది. క్లాసుకు పోతే ప్రభువుకు దూరమయ్యానేమో అనిపిస్తుంది, మానేస్తే కట్టిన ఫీజు గుర్తొస్తుంది.

అపొస్తలుల కార్యములు పద్దెనిమిదో అధ్యాయంలో అపొల్లోను చూడండి. అలెక్సంద్రియవాడు, విద్వాంసుడు, లేఖనాల్లో ప్రవీణుడు. ఎఫెసులోని సమాజమందిరంలో ధైర్యంగా బోధిస్తున్నాడు. అయినా అతనికి తెలియాల్సింది ఇంకా ఉంది. డేరాలు కుట్టే దంపతులు అకుల, ప్రిస్కిల్ల అతణ్ణి నలుగురిలో తప్పుపట్టలేదు, చేర్చుకుని మరింత వివరంగా నేర్పించారు. అంత పేరున్న బోధకుడు మళ్లీ శిష్యుడై కూర్చున్నాడు. ఆ తర్వాత అతను అకయకు వెళ్లాలనుకుంటే సహోదరులు ప్రోత్సహించి, అక్కడివారు చేర్చుకోవాలని ఉత్తరం రాసిచ్చారు. అక్కడ అతను విశ్వాసులకు ఎంతో సహాయపడ్డాడు. నేర్చుకునేవాడి వెనుక ఒక ఇల్లు, ఒక సంఘం నిలబడ్డాయి. మనం గమనించాల్సింది ఇదే.

మన ప్రాంతపు సంఘాలకు ఇది కొత్త కూడా కాదు. 1872లో రామాయపట్నంలో అమెరికన్ బాప్టిస్టులు వేదాంత పాఠశాల తెరిచినప్పుడు అక్కడికి వచ్చినవారిలో పెళ్లయినవారు ఉన్నారు. వారి భార్యలకూ అక్కడ చదువు చెప్పారు. సంసారం మొదలయ్యాక పుస్తకం పట్టిన అలాంటి వారి సేవ మీదే మన పల్లెల సంఘాలు ఎన్నో నిలబడ్డాయి. అంబేద్కర్ జీవితమూ ఇదే చెబుతుంది. 1917లో లండన్ చదువు సగంలో ఆపి ఆయన తిరిగి రావలసి వచ్చింది. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడిగా చేరి, జీతంలో మిగుల్చుకుని, 1920లో ఉద్యోగం వదిలి మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో డి.ఎస్సీ. పట్టా పొందారు. ఆ చదువు వెనుక కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం ఉంది, స్నేహితుడిచ్చిన అప్పు ఉంది, ఇక్కడ లేమిలో ఇల్లు నెట్టుకొచ్చిన రమాబాయి ఓర్పు ఉంది. ఒకరి చదువును ఎందరో మోస్తారు.

అలాగని ప్రతి చదువూ దేవుని పిలుపేనని మేము అనడం లేదు. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పాడు. పేరు చివర అక్షరాల కోసమే అప్పు చేసేవారు ఆ మాట వినాలి. ఫీజు కట్టేముందు ఆ విశ్వవిద్యాలయానికి, ఆ కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. అయితే అది గుర్తింపు ఉన్న సంస్థలకే వర్తిస్తుంది. భర్త చదివితే భార్య టీ కాచి ఇస్తుంది. మరి భార్య చదివితే వంట ఎవరు చేస్తారు? ఈ లెక్క కూడా ముందే తేల్చుకోవాలి.

అందరూ ఇష్టపడే పుస్తకం తెరవడం లేదు. విద్యాహక్కు చట్టానికి ముందు ఉద్యోగంలో చేరి, పదవీ విరమణకు ఐదేళ్లకు మించి సమయమున్న ఉపాధ్యాయులు రెండేళ్లలో టెట్ ఉత్తీర్ణులు కావాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు మార్కులు వేసినవారికి ఇప్పుడు తమ మార్కుల భయం పట్టుకుంది. నికొదేము రాత్రివేళ ప్రభువు దగ్గరికి వచ్చినట్టు, ఈ పెద్దలు ఎవరికీ చెప్పుకోలేక రాత్రిళ్లు చదువుకుంటున్నారు. ఇశ్రాయేలుకు బోధకుడై ఉండి ప్రశ్న అడిగిన నికొదేమును ప్రభువు తలుపు దగ్గరే నిలిపివేయలేదు.

కాబట్టి సంఘ కాపరులకు, పెద్దలకు మా మనవి. దోర్నాల నుంచి మార్కాపురం సుమారు 30 కిలోమీటర్లు, ఒంగోలు వంద కిలోమీటర్లకు పైమాటే. తెల్లవారక ముందే బస్సెక్కే విశ్వాసిని హాజరు పట్టీలో కొట్టేయకండి. విశ్రాంతి దినం మనిషి కోసమే నియమించబడిందని ప్రభువు నేర్పాడు. ఆరాధన అక్కరలేదని దీని అర్థం కాదు. ఆమెకు వీలైన వేళ మనమే ఆమె ఇంటికి వెళ్లి ప్రార్థించవచ్చు. శనివారం సాయంత్రం కూడిక పెట్టవచ్చు. మందిరంలో రాత్రి ఒక దీపం, ఒక బల్ల ఇవ్వవచ్చు. పరీక్ష రోజుల్లో స్త్రీల సమాజం వారు ఆమె పిల్లలకు అన్నం పెట్టవచ్చు. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

చదివేవారికీ ఒక మాట. తలాంతు పొందినవాడు దాన్ని భూమిలో దాచిపెట్టకూడదు. పట్టా చేతికి వచ్చాక వారానికి ఒక సాయంత్రం పేటలోని పదో తరగతి పిల్లల దగ్గర కూర్చోండి. మీ చదువును మోసిన సంఘానికి అప్పు తీర్చే దారి అదే. ఈ ఆదివారం మీ పక్కన ఒక చోటు ఖాళీగా ఉంటే ‘ఎందుకు రాలేదు’ అని అడగకండి. ‘పరీక్ష ఎప్పుడు? మేమేం చేయాలి?’ అని అడగండి.