ఔషధ స్వావలంబన

దేశం సాంకేతికంగా పురోగమించడానికి మేధావులు, పెట్టుబడిదారులు ఉంటే చాలునని, ప్రభుత్వం జోక్యం చేసుకోకపోవడమే మేలని కొందరు వాదిస్తారు. పరిశ్రమలన్నింటినీ ప్రభుత్వమే నడపాలని మరికొందరు అంటారు. ఈ రెండు వాదాలలోనూ పూర్తి సత్యం లేదని మన ఔషధ పరిశ్రమ చరిత్ర నిరూపిస్తున్నది.

స్వాతంత్ర్యానంతరం కూడా చాలాకాలం మన దేశంలో 1911 నాటి పేటెంట్ చట్టమే అమలులో ఉండేది. దాని ప్రకారం మందుకే పేటెంట్ లభించేది. అదే మందును వేరొక పద్ధతిలో తయారుచేయగల నేర్పు మన శాస్త్రజ్ఞులకు ఉన్నా, అందుకు అనుమతి లేదు. అధిక భాగం మందులు విదేశీ సంస్థల అధీనంలో ఉండడంతో ధరలు సామాన్యునికి అందేవి కావు. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో సమర్పించిన నివేదిక ఈ లోపాన్ని ఎత్తిచూపింది. తత్ఫలితంగా 1970లో కొత్త చట్టం రూపొంది, 1972లో అమలులోకి వచ్చింది. ఇకపై మందుకు పేటెంట్ ఉండదు. దాని తయారీ పద్ధతికి మాత్రమే, అదీ గరిష్ఠంగా 7 సంవత్సరాలు ఉంటుంది. కొత్త పద్ధతి కనుగొన్నవారికి మార్గం తెరుచుకున్నది.

అయితే చట్టం అనుమతి ఇవ్వగలదు గాని నేర్పును ఇవ్వలేదు. ఆ నేర్పును ప్రభుత్వ సంస్థలు అందించాయి. 1954లో పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్, 1961లో సోవియట్ సహకారంతో ఐ.డి.పి.ఎల్. ఏర్పడ్డాయి. ఐ.డి.పి.ఎల్. హైదరాబాదు కర్మాగారం ఎందరో రసాయన శాస్త్రజ్ఞులకు పాఠశాల అయింది. అక్కడ పనిచేసిన డాక్టర్ అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో డాక్టర్ ఎ.వి. రామారావు బృందం ఎయిడ్స్ చికిత్సకు ఉపకరించే జిడోవుడిన్ తయారీకి చవకైన పద్ధతిని రూపొందించింది. ఆ మందును సిప్లా సంస్థ ఉత్పత్తి చేసింది. రోగికి ఏడాదికి 10,000 డాలర్లకు పైగా ఖర్చయ్యే మూడు ఎయిడ్స్ మందుల చికిత్సను అదే సిప్లా 2001లో 350 డాలర్లకే ఇవ్వజూపింది. ఆఫ్రికా దేశాలలోని పేద రోగులకు ప్రాణాలపై ఆశ చిగురించింది.

ఇతరులు కనుగొన్న మందును మరో దారిలో తయారుచేయడం ఆవిష్కరణ ఎలా అవుతుందని కొందరు ప్రశ్నిస్తారు. ఈ ప్రశ్నను తోసిపుచ్చలేము. కొత్త మందు కనుగొనడానికి ఏళ్ళ శ్రమ, అపార ధనం కావాలి; ఆ శ్రమకు ప్రతిఫలం దక్కవలసిందే. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాన్ని అనుసరించి మన దేశం 2005లో మందులకు తిరిగి 20 సంవత్సరాల పేటెంట్‌ను అంగీకరించింది. అయితే పాత మందుకు స్వల్ప మార్పులు చేసి కొత్త పేటెంట్ పొందకుండా చట్టంలో ఒక నిబంధన చేర్చింది. క్యాన్సర్ మందు గ్లివెక్ విషయంలో 2013లో సుప్రీంకోర్టు ఆ నిబంధననే సమర్థించింది. ఆవిష్కర్త హక్కుకూ రోగి ప్రాణానికీ సమతూకం సాధించడమే మంచి విధాన లక్షణం.

విధానం ఏమరుపాటు చెందితే సాధించినది కూడా చేజారుతుంది. ఐ.డి.పి.ఎల్. 1990లలో ఖాయిలా పడింది. చైనా భారీ కర్మాగారాలతో చవకగా ఉత్పత్తి చేయడంతో, పెన్సిలిన్ వంటి మందుల ముడి పదార్థాలకు మనం ఆ దేశంపై ఆధారపడవలసి వచ్చింది. ఈ లోటు తీర్చడానికి కేంద్ర ప్రభుత్వం 2020లో 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. ఆ పథకం కింద కాకినాడ సమీపంలో నిర్మించిన పెన్సిలిన్-జి కర్మాగారం 2024లో ప్రారంభమైంది. పర్యవేక్షణ లోపిస్తే కలిగే నష్టానికి పటాన్‌చెరు ప్రాంతపు కలుషిత చెరువులు, నక్కవాగు సాక్ష్యం పలుకుతున్నాయి. చవకైన మందుకు ఆ పల్లెల రైతులు తమ నీటితో మూల్యం చెల్లించారు.

2020-21 లెక్కల ప్రకారం మన దేశం పరిశోధనపై వెచ్చించినది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం మాత్రమే. దక్షిణ కొరియా 4 శాతానికి మించి వెచ్చిస్తున్నది. ప్రోత్సాహకాలతో కర్మాగారాలు వెలుస్తాయి. శాస్త్రజ్ఞులు మాత్రం ప్రయోగశాలల్లోనే తయారవుతారు. మన కళాశాలల్లో ప్రయోగశాలలు మూతపడి, పరిశోధక ఉద్యోగాలు ఖాళీగా ఉంటే ఎంత గొప్ప చట్టమైనా ఫలించదు. ఆనాటి ప్రభుత్వం చట్టంతో పాటు విద్యను, శిక్షణను సమకూర్చింది కనుకనే భారతీయ ఔషధం ప్రపంచానికి చేరింది. ఇతరుల మందును చవకగా తయారుచేసిన దేశం తన మందును తానే కనుగొనే దశకు ఎదగాలంటే, నేడు కూడా ప్రభుత్వం ఆ బాధ్యతనే స్వీకరించాలి. దానిని కోరే హక్కు, అందుకు తగిన కృషి చేసే కర్తవ్యం విద్యార్థులకు ఉన్నాయి.